ఊళ్లో కాపురం: వెళ్లేముందు ఇద్దరూ కలిసి చూసుకోవలసినవి

సంక్రాంతికి ఊరెళ్లినప్పుడే ఈ ఆలోచన చాలామందికి పుడుతుంది. అప్పటికి కోతలైపోయి ధాన్యం ఇంటికి చేరి ఉంటుంది. ఎండ హాయిగా ఉంటుంది. అమెరికా నుంచి మేనల్లుడు, బెంగళూరు నుంచి తమ్ముడి పిల్లలు, హైస్కూల్లో కలిసి చదివిన స్నేహితులు, అందరూ అక్కడే కనిపిస్తారు. కనుమ నాడు భోజనాలయ్యాక అరుగు మీద కూర్చుని, "ఇంకెన్నాళ్లు ఆ ఫ్లాట్లో పడి ఉంటాం? రిటైరవ్వగానే ఇక్కడికే వచ్చేద్దాం" అంటాడాయన. ఆవిడ అవుననదు, కాదనదు. ముక్కనుమ వెళ్లాక కార్లన్నీ హైవే ఎక్కేస్తాయి. ఊరు ఎలా ఉంటుందో నిజంగా తెలిసేది ఆ తర్వాతే.

ఫాల్గుణం నాటికి సగం ఇళ్లకు తాళాలు కనిపిస్తాయి. మే నెలలో మధ్యాహ్నం వీధిలో మనిషి ఉండడు. శ్రావణంలో వాన పట్టిందంటే కరెంటు ఎప్పుడు పోయి ఎప్పుడొస్తుందో చెప్పలేం. అందుకే ఊళ్లో కాపురం పెట్టాలనుకునే దంపతులకు నేను చెప్పే మొదటి మాట: పండగ నాటి ఊరిని చూసి నిర్ణయం తీసుకోకండి. ఒక వేసవి, ఒక వానాకాలం అక్కడ గడిపాక తీసుకోండి. ఆ రెండు కాలాలూ ఇద్దరికీ ఎలా గడిచాయో చూసి, ఇద్దరిలో ఎవరికి ఎక్కువ కష్టమైందో వారి మాటకే విలువివ్వండి. ఈ వ్యాసమంతా ఆ ఒక్క కొలత మీదే నడుస్తుంది.

ఇప్పుడు ఊళ్లు కూడా మన చిన్నప్పటి ఊళ్లు కావు. 2021 నాటి అంచనాల ప్రకారం దేశ జనాభాలో 60 ఏళ్లు దాటినవారు సుమారు 10.1 శాతం ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో 12.4 శాతం. పిల్లలు హైదరాబాదుకో, బెంగళూరుకో, విదేశాలకో వెళ్లిపోయారు, పెద్దలు ఊళ్లో మిగిలారు. మీరు తిరిగి వెళ్లేది మీలాంటి పెద్దవాళ్లే ఎక్కువగా ఉన్న చోటికి. ఇందులో మంచీ ఉంది, ఇబ్బందీ ఉంది. మాట కలిపేవాళ్లు ఉంటారు. కానీ ట్యాంకు కడగాలన్నా, కొబ్బరికాయలు దింపాలన్నా, అర్ధరాత్రి కారు నడపాలన్నా మనిషి దొరకడం కష్టం.

"ఊరు" అనగానే మన ఇళ్లలో దాదాపు ఎప్పుడూ మగవాడి ఊరే అర్థం. ఆవిడ పుట్టిన ఊరి సంగతి ఎవరూ ఎత్తరు. ఎందుకు ఎత్తకూడదు? అక్కడ ఆవిడకు అక్కచెల్లెళ్లు, చిన్ననాటి స్నేహితురాళ్లు ఉండవచ్చు. పట్టణానికి అది దగ్గర కావచ్చు. అత్తగారి ఊళ్లో ఇల్లు కడితే నలుగురూ ఏమనుకుంటారో అన్న బెరుకు తప్ప దానికి వేరే అడ్డంకి నాకు కనపడదు. రెండూ కాక మూడోది ఒకటుంది: షాద్‌నగర్, చేవెళ్ల, శామీర్‌పేట వైపు కొనే పొలంలో ఇల్లు. అక్కడ బంధుత్వాల ఒత్తిడి ఉండదు, ఆపదలో అందుకునే బంధువూ ఉండడు. ఈ మూడింటి మంచిచెడ్డలు వేరువేరు. కాబట్టి ముందు ఏ ఊరో తేల్చుకోవాలి, తర్వాతే ఇంటి సంగతి.

ఆయన ఊరే అనుకుందాం. అక్కడ ఆయనకు రోజు ఎలా గడుస్తుందో ఊహించడం తేలిక. పొద్దున్నే పొలం గట్టు మీదికి నడక. వచ్చేటప్పుడు టీకొట్టు దగ్గర పేపరు, నాలుగు రాజకీయాలు. సాయంత్రం రచ్చబండో, గుడి ముందు గట్టో. "ఏరా, ఎప్పుడొచ్చావ్?" అని పలకరించేవాళ్లు వీధికి ఇద్దరుంటారు. ఆవిడకో? కూకట్‌పల్లిలోనో విశాఖ సీతమ్మధారలోనో పాతికేళ్లుగా కట్టుకున్న లోకం ఒకటుంది. పార్కులో కలిసి నడిచేవాళ్లు, విష్ణుసహస్రనామం బృందం, ఫోన్ చేస్తే మందులు పంపే షాపు, ఎక్కడికి వెళ్లాలన్నా ఇంటి ముందుకొచ్చే ఆటో ఉన్నాయి. ఊళ్లో ఆవిడ అరవయ్యేళ్ల వయసులో మళ్లీ "ఫలానావారి కోడలు" అవుతుంది. ఏ వేళ ఎవరొచ్చినా కాఫీ పెట్టాలి. భోజనం వేళకు వచ్చినవారిని ఊరికే పంపకూడదు. బజారుకు వెళ్లాలంటే ఆయన బండి తీయాలి. స్కూటీ నడిపే అలవాటున్నా, ఊళ్లో ఎవరేమంటారోనని ఇంట్లోనే ఉంచేసే ఆడవాళ్లు ఎందరో.

ఇవన్నీ సర్దుకోలేనివి కావు. ఊళ్లో స్నేహాలు నెమ్మదిగా కలుస్తాయి, కలిసాక గట్టిగా నిలుస్తాయి. గుడి, డ్వాక్రా సంఘం, పక్కింటి పెరటి గోడ, వీటి దగ్గర మొదలైన పరిచయాలు కష్టానికి ఆదుకోవడం నగరంలో అంత తేలిగ్గా జరగదు. కానీ ముందు ఒక పరీక్ష పెట్టుకోవాలి. ఆయన నగరంలో ఉండగా ఆవిడ ఒక్కతే కొన్నాళ్లు ఆ ఊళ్లో ఉండి చూడాలి. గ్యాసు బండ తెప్పించుకోవడం, మోటారు ఆగిపోతే మనిషిని పిలిపించుకోవడం, రాత్రి తలుపు వేసుకుని ఒంటరిగా పడుకోవడం, ఒంట్లో బాగోకపోతే డాక్టరు దగ్గరికి వెళ్లడం. అలాగే ఆవిడ నగరంలో ఉండగా ఆయన ఒక్కడే ఊళ్లో వండుకుని తిని చూడాలి. ఇద్దరూ కలిసి వెళ్లి చూసొస్తే ఈ సంగతులు బయటపడవు. ఒకరి లోటును ఇంకొకరు పూడ్చేస్తారు.

ఆ తర్వాత చూడవలసింది ఆసుపత్రి. మండల కేంద్రంలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉంది, బీపీ, షుగరు మాత్రలిస్తారు, అది చాలదా అంటారు కొందరు. రోజువారీకి చాలు. పక్షవాతం వచ్చిన రోజుకు చాలదు. మెదడులో రక్తనాళం గడ్డకట్టి మూసుకుపోతే దాన్ని కరిగించే ఇంజెక్షన్‌ను లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపు ఇవ్వాలి. ఇచ్చేముందు సీటీ స్కాన్ తీసి, అది రక్తస్రావం కాదని తేల్చుకోవాలి. గుండెపోటులోనూ ప్రతి నిమిషం లెక్కే. కాబట్టి మీరు అడగవలసిన ప్రశ్న ఇది: రాత్రి రెండింటికి సీటీ స్కాన్ తీసి, డాక్టరు చూసే ఆసుపత్రి మన ఇంటికి ఎంత దూరం? కిలోమీటర్లలో కాదు, గంటల్లో చెప్పుకోండి. వానాకాలంలో వాగు పొంగితే ఏ దారిన వెళ్లాలో కూడా తెలుసుకోండి. గోదావరి లంకల్లోనూ, ఏజెన్సీ అంచుల్లోనూ ఇది ప్రాణాలకు సంబంధించిన ప్రశ్న.

108 అంబులెన్సు మన దగ్గరే 2005 ఆగస్టు 15న మొదలైంది. ఊళ్లకు అది చేసిన మేలు తక్కువది కాదు. అయినా దాని మీదే భారం వేయకుండా, రాత్రి పిలిస్తే వచ్చే ఇద్దరు డ్రైవర్ల నంబర్లు ఫోన్లో ఉంచుకోవాలి. 70 ఏళ్లు నిండినవారికి ఆదాయంతో పనిలేకుండా కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు ఆయుష్మాన్ వైద్య రక్షణ 2024 అక్టోబరులో మొదలైంది. ఆ కార్డు తీసుకోండి. ప్రైవేటు ఆరోగ్య బీమా ఉంటే, మీరు వెళ్లే జిల్లాలో నగదు కట్టకుండా చేర్చుకునే ఆసుపత్రులేవో జాబితా చూసుకోండి. నగరంలో పదుల సంఖ్యలో కనిపించే ఆ జాబితా, జిల్లా దాటితే ఒకటి రెండింటికి పడిపోవచ్చు.

పాముకాటు సంగతి కాస్త వివరంగా చెప్పాలి. నగరం నుంచి వెళ్లినవారు నాగుపాముకు భయపడతారు. దాని పడగ కనిపిస్తుంది, బుస వినిపిస్తుంది. ఇంట్లో నిద్రపోయేవారికి అంతకంటే మోసకారి కట్లపాము. రాత్రిపూట తిరుగుతుంది, ఎలకల కోసమో వెచ్చదనం కోసమో ఇంట్లోకి వస్తుంది, నేల మీద పడుకున్నవారిని కాటేస్తుంది. కాటు నొప్పి దాదాపు తెలియదు, గాటు కూడా సరిగా కనపడదు. తెల్లవారుజామున కడుపునొప్పి అని లేస్తారు. తర్వాత కనురెప్పలు వాలిపోతాయి, మాట ముద్దగా వస్తుంది, ఊపిరి అందదు. గ్యాస్ అనుకుని సోడా తాగించి కూర్చుంటే ప్రాణం పోతుంది. మంచం మీద, దోమతెర అంచులు పరుపు కిందికి దోపుకుని పడుకోవడం దీనికి చాలా మంచి రక్షణ. కాటు పడితే కోయడం, గట్టిగా తాడు కట్టడం, మంత్రం వేయించడం చేయకుండా, కాలో చెయ్యో కదలకుండా ఉంచి, విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లాలి. నాగు, కట్లపాము, రక్తపింజరి లాంటి ముఖ్యమైన విషసర్పాలకు ఒకే విరుగుడు ఇంజెక్షన్ పనిచేస్తుంది. ఆ మందు మీ మండలంలో ఏ ఆసుపత్రిలో నిల్వ ఉంటుందో ముందే అడిగి తెలుసుకోండి.

ఇక ఇల్లు. గోదావరి, కృష్ణా జిల్లాల్లో మండువా లోగిళ్లు, రాయలసీమలో, తెలంగాణలో మట్టి మిద్దెలు, అన్నిచోట్లా పెంకుటిళ్లు. తాతలనాటి ఇల్లు పడగొట్టి డాబా వేద్దామా, బాగుచేసుకుందామా అన్నది పెద్ద ప్రశ్నే. గోడలు నిలువుగా ఉండి, దూలాలకు చెద పట్టకుండా ఉంటే బాగుచేసుకోవడమే మేలని నా అభిప్రాయం. మేలో మధ్యాహ్నం ఆ లావాటి గోడల చల్లదనం స్లాబు ఇంట్లో రాదు. అయితే ఇక్కడ ఒక పొరపాటు ఎక్కువగా జరుగుతుంది. సున్నంతోనో మట్టితోనో కట్టిన పాత గోడకు కొత్తగా సిమెంటు పూత పూయిస్తారు. పాత గోడ నేల నుంచి తేమను పీల్చి, పూత గుండా బయటికి వదులుతుంది. సిమెంటు పూత ఆ దారి మూసేస్తుంది. తేమ గోడలోనే నిలిచిపోతుంది, రెండు మూడేళ్లకు పూత బొబ్బలెక్కి ఊడిపోతుంది, లోపలి సున్నం పిండిలా రాలిపోతుంది, చెదలకు అనువు దొరుకుతుంది. మేస్త్రి సిమెంటే అంటాడు, అతనికి చేతికి అలవాటైంది అదే. పట్టుబట్టి సున్నపు పూతే వేయించండి, పైన సున్నమే కొట్టించండి.

అంతకంటే ముఖ్యమైనది స్నానాలగది. పాత ఇళ్లలో అది పెరట్లో, ఇంటికి దూరంగా ఉంటుంది. వయసు పైబడ్డాక రాత్రి రెండుసార్లు లేవడం మామూలే. వాన కురిసిన రాత్రి, కరెంటు లేని వేళ, వెనక గుమ్మం గడప దాటి, రెండు మెట్లు దిగి, నాచు పట్టిన బండల మీద నడిచి వెళ్లాలి. పాము భయం ఒకటి, కాలు జారడం ఇంకొకటి. డెబ్బై దాటిన మనిషికి తుంటి ఎముక విరిగితే మంచం నుంచి మళ్లీ పూర్తిగా లేవడం చాలాసార్లు జరగని పని. కాబట్టి రంగులకూ గేటుకూ ఖర్చు పెట్టకముందు, పడకగదిని ఆనుకుని ఒక స్నానాలగది కట్టించండి. కూర్చునే కమోడ్, గోడకు రెండు పట్టుకమ్మీలు, జారని గరుకు బండలు, రాత్రంతా వెలిగే చిన్న లైటు ఉండాలి. గడప తీసేయడానికి మనసొప్పకపోతే దాని రెండువైపులా చిన్న వాలు కట్టించండి. సెప్టిక్ ట్యాంకు బావికీ బోరుకీ కనీసం 50 అడుగుల దూరంలో ఉండాలి.

కరెంటు గురించి రెండు మాటలు. పొలంలో ఇల్లు కట్టుకుని, పక్కనే ఉన్న ఉచిత వ్యవసాయ కనెక్షన్ నుంచి ఇంటికి వైరు లాగడం చట్టవిరుద్ధం. పట్టుబడితే జరిమానా పెద్దగానే పడుతుంది. గృహ కనెక్షన్ విడిగా తీసుకోవాలి. పైకప్పు మీద సోలారుకు 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద 3 కిలోవాట్లకు 78 వేల రూపాయల వరకు రాయితీ వస్తుంది. కానీ గ్రిడ్డుకు కలిపే మామూలు సోలారు, కరెంటు పోయినప్పుడు తానూ ఆగిపోతుంది. బ్యాటరీ ఉన్న ఇన్వర్టరు విడిగా పెట్టుకోవాలి. ఇంట్లో ఇన్సులిన్ వాడేవారుంటే ఫ్రిజ్ కోసం ఇది తప్పదు.

నీళ్ల విషయంలో రుచిని నమ్మకూడదు. ఫ్లోరైడు ఉన్న నీరు తియ్యగానే ఉంటుంది, తేటగానే ఉంటుంది. అప్పటి నెల్లూరు జిల్లాలో, అంటే ఇప్పటి ప్రకాశం వైపు, ఫ్లోరైడు జబ్బును వైద్యులు 1937లోనే గుర్తించారు. నల్లగొండ మర్రిగూడ ప్రాంతంలో దానివల్ల ఎముకలు వంకరపోయిన మనుషుల్ని తెలుగువాళ్లందరూ చూశారు. లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దారి లేకపోతే 1.5 వరకు అన్నది మన దేశ ప్రమాణం. మరిగిస్తే ఫ్లోరైడు పోదు, నీరు ఇగిరిన కొద్దీ చిక్కబడుతుంది. డెల్టాలో సమస్య వేరు: సముద్రానికి దగ్గరగా, రొయ్యల చెరువుల పక్కన బావుల్లో ఉప్పు పెరుగుతుంది. మీ తాత తాగిన బావే అయినా సరే, గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలలో నమూనా ఇచ్చి పరీక్ష చేయించండి. కొత్త బోరు వేయాలంటే 2002 నాటి వాల్టా చట్టం కింద అనుమతి కావాలి.

తెలంగాణలోనైతే కోతుల్ని కూడా లెక్కలో వేసుకోవాలి. పెరట్లో జామ, మామిడి, కూరపాదులు అని కలలుగన్నవారికి మొదటి ఏడే ఆశ తీరిపోతుంది. నిర్మల్ జిల్లాలో ప్రభుత్వం కోతుల పునరావాస కేంద్రమే పెట్టవలసి వచ్చింది. పెరటి మీద పెద్ద పెట్టుబడి పెట్టకముందు పక్కింటివారు ఏమేం పండించడం మానేశారో అడగండి.

కాగితాల దగ్గరికి వద్దాం. సొంతింటి విషయంలోనే ఇక్కడ చిక్కులు ఎక్కువ. ఊరి నడుమ ఉండే ఇళ్లు సాధారణంగా గ్రామకంఠం భూమిలో ఉంటాయి. పాత రెవెన్యూ సర్వేలో ఊరి స్థలాన్ని మొత్తంగా ఒకటిగా చూపారు, లోపలి ఇళ్లను విడివిడిగా కొలవలేదు. అందుకే చాలామంది దగ్గర తరతరాల ఇంటిపన్ను రసీదులు తప్ప దస్తావేజు ఉండదు. ఇలాంటి ఇళ్లను డ్రోన్లతో కొలిచి యజమానులకు కార్డులివ్వడానికి కేంద్రం 2020 ఏప్రిల్ 24న స్వామిత్వ పథకం మొదలుపెట్టింది. మీ ఊళ్లో అది జరిగిందా, జరిగితే మీ ఇల్లు ఎవరి పేరున నమోదైంది అన్నది పంచాయతీ కార్యదర్శిని అడిగి తెలుసుకోవాలి.

ఇల్లు నాన్నగారి పేరునే ఉండిపోయి ఉంటే, మరమ్మతులకు రూపాయి పెట్టకముందు అక్కచెల్లెళ్లతో కూర్చోవాలి. నాన్నగారి స్వార్జితమై, వీలునామా రాయకుండా పోతే, 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారమే కూతుళ్లకు కొడుకులతో సమాన వాటా. పిత్రార్జితంలోనూ కూతుళ్లకు హక్కు కల్పిస్తూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించేలా చట్టం తెచ్చింది, అయితే అప్పటికే పెళ్లైనవారిని వదిలేసింది. 2005లో దేశమంతటికీ వచ్చిన సవరణలో ఆ తేడా లేదు. "మా చెల్లెలు అడగదులే" అన్న ధీమాతో ముప్పై లక్షలు పోసి ఇల్లు బాగుచేశాక, మేనల్లుళ్ల తరం వచ్చి వాటా అడిగితే తప్పు వాళ్లది కాదు. వాటా ఇవ్వవలసి ఉంటే ఇచ్చేయండి. ఆమె మనస్ఫూర్తిగా వదులుకుంటే రిజిస్టరు చేసిన హక్కు విడుదల పత్రం రాయించుకోండి. పసుపు కుంకుమ పెట్టి పంపితే సరిపోయిందనుకునే రోజులు చట్టంలో ఎప్పుడో పోయాయి, మన మనసుల్లోంచీ పోవాలి.

కొత్తగా భూమి కొని కట్టుకునేవారు చూసుకోవలసినవి వేరు. ఆంధ్రలో 1-బి, అడంగల్, ఈసీ చూడాలి. తెలంగాణలో 2020 అక్టోబరులో వచ్చిన ధరణి స్థానంలో 2025 ఏప్రిల్ నుంచి భూభారతి ఉంది, అందులో వివరాలూ పాస్‌బుక్కూ సరిపోలాలి. రిజిస్ట్రేషన్ నిషేధించిన 22-ఎ జాబితాలో సర్వే నంబరు లేదని నిర్ధారించుకోవాలి. పేదలకు ప్రభుత్వం ఇచ్చిన అసైన్డ్ భూమిని అమ్మడాన్ని 1977 చట్టం నిషేధించింది. ఆంధ్రలో తర్వాత కొన్ని సడలింపులు వచ్చినా, తెలిసిన లాయరు చూడకుండా అలాంటి భూమి జోలికి పోకండి. అరకు, పాడేరు, భద్రాచలం లాంటి షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గిరిజనేతరులు భూమి కొనడానికి వీల్లేదు, 1970లో సవరించిన 1/70 చట్టం అది. మంచు కొండల మధ్య ఇల్లు ఎంత ఇష్టమైనా ఆ భూమి వాళ్లది. విదేశీ పౌరసత్వం తీసుకున్నవారు, ప్రవాస భారతీయులు ఇక్కడ వ్యవసాయ భూమిని, ఫామ్‌హౌస్‌ను కొనకూడదు. వారసత్వంగా వస్తే మాత్రం ఉంచుకోవచ్చు. నగరం చుట్టూ గుంటల లెక్కన అమ్మే ఫామ్ ప్లాట్ల విషయంలో అడగవలసింది ఒక్కటే: ఇక్కడ ఇల్లు కట్టడానికి పంచాయతీ అనుమతి కాగితం చూపిస్తారా? చూపించకపోతే వెనక్కి వచ్చేయండి.

డబ్బు లెక్క చాలామంది అనుకున్నట్టు ఉండదు. బియ్యం, కూరలు, పాలు చవకే. కానీ కారు తప్పనిసరి. పెట్రోలు, ఇంటి మరమ్మతులు, పనివాళ్లు, నగరానికి రాకపోకలు, పిల్లలు వచ్చినప్పటి ఖర్చు, గుడికీ జాతరకూ చందాలు అన్నీ కలిస్తే మిగులు కొద్దిగానే ఉంటుంది. అందుకని నగరంలో ఇల్లు మొదట్లోనే అమ్మేయకండి. అద్దెకిస్తే ఆ అద్దె ఊళ్లో సంసారానికి చాలావరకు సరిపోతుంది, తిరిగి రావలసి వస్తే గూడూ ఉంటుంది. అబ్బాయి పేరనో అమ్మాయి పేరనో గిఫ్టుగా రాసేసి వెళ్లేవారున్నారు. రాయకపోవడం మంచిది. రాయక తప్పకపోతే, మా పోషణ చూసుకోవాలన్న షరతు ఆ దస్తావేజులోనే స్పష్టంగా ఉండాలి. తల్లిదండ్రుల, వయోవృద్ధుల సంరక్షణ కోసం వచ్చిన 2007 చట్టం కింద, ఆ షరతు తప్పితే గిఫ్టును రద్దు చేయమని ట్రిబ్యునల్‌ను అడగవచ్చు.

ఊళ్లో మీకు నాలుగెకరాలుంటే, దాన్ని ఇన్నాళ్లూ ఎవరో కౌలుకు చేస్తూ ఉంటారు. మీరు రాగానే "ఇక మేమే చేసుకుంటాం" అంటే ఆ ఇంట్లో పొయ్యి ఏం కావాలి? కాలక్షేపానికి మీకు అరెకరం చాలు. మిగతాది అతనికే ఉంచి, పంట పోయిన ఏడు కౌలు తగ్గించండి. ఆంధ్రప్రదేశ్ 2019లో తెచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం కింద కౌలుదారుకు కార్డు రావాలంటే మీ సంతకం కావాలి. ఆ సంతకంతో మీ భూమి హక్కుకు ఏమీ కాదు, అతనికి మాత్రం పంట రుణానికీ నష్టపరిహారానికీ దారి ఏర్పడుతుంది. చాలామంది భూయజమానులు భయంతో పెట్టరు. మీరు పెట్టండి. ఊరు మిమ్మల్ని ఎలా చూస్తుందో నిర్ణయించేది ఇలాంటి పనులే. పాత గొడవల్లో, పంచాయతీ ఎన్నికల్లో మొదటి రెండేళ్లు ఏ పక్షమూ వహించకండి. మీ చిన్నప్పుడు ఏ వాడవారిని ఇంటి గడప దాటనీయలేదో, వారిని ఇప్పుడు లోపలికి పిలిచి కుర్చీ వేయండి. పట్నంలో ముప్పై ఏళ్లు బతికినవారు ఆ మాత్రం మార్పు తేకపోతే ఊరికి వెళ్లి ఒరగబెట్టేదేమీ లేదు.

చివరగా ఒక మాట. ఎవరికీ నోట రాదు, అయినా మాట్లాడుకోక తప్పదు. ఇద్దరూ కలిసి వెళ్తారు, కానీ ఏదో ఒక రోజు ఒక్కరే మిగులుతారు. మన దగ్గర భర్త వయసులో పెద్ద, ఆడవాళ్ల ఆయుర్దాయం ఎక్కువ. కాబట్టి ఆ ఊళ్లో, ఆ ఇంట్లో మిగిలేది ఎక్కువగా ఆవిడే. ఆ రోజున ఆవిడ అక్కడే ఉంటానంటే ఇల్లు ఆవిడ పేరున ఉందా? బ్యాంకు ఖాతాలు ఇద్దరి పేరా ఉన్నాయా? కారు నడపడం, ఫోన్లో డబ్బు పంపడం ఆవిడకు వచ్చా? నగరానికి తిరిగి వెళ్లాలనుకుంటే అక్కడ చోటుందా? నామినీగా పేరున్నంత మాత్రాన ఆస్తి ఆవిడకు వచ్చినట్టు కాదు. నామినీ డబ్బు అందుకునే మనిషి మాత్రమే, వారసులందరికీ హక్కుంటుంది. వీలునామాకు స్టాంపు కాగితం అక్కర్లేదు, ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేస్తే చాలు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ చేయిస్తే తర్వాత వివాదాలు తగ్గుతాయి. సామాను లారీ ఎక్కించకముందే ఇద్దరూ చెరొక వీలునామా రాసి రిజిస్టరు చేయించండి.